పిలుపు తాండ్ర

మేతకి పోయిన గొడ్లు పొద్దువాలేసరికి ఇల్లు చేరినట్టు, ఎర్రలంకకి రోజూ పొగ చేరేది.

మొదట ఆకాశంలో ఏమీ కనబడేది కాదు. విమానం ఎప్పుడో వెళ్లిపోయేది. దాని మోత కూడా గోదావరి మీద సద్దుమణిగిపోయేది. ఆ తర్వాత కొబ్బరిమట్టల పైన గాలికి సన్నటి మసక పట్టేది. ఆ మసక నూలుపోగులా సాగి, తాడులా పేనుకుని, ఇసుకదిబ్బ మీద నిలబెట్టిన తెల్లటి తెర మీదికి దిగేది. దీపాలు పెట్టే వేళకి ఆ తెర మీద బొగ్గుల బస్తా దులిపినట్టుండేది.

తెరకి పూసే జిగురు పేరు పిలుపు. కనిపెట్టింది డాక్టర్ నజీరా. విమానంలో పోసే ఇంధనంలో ముద్ర అనే ఉప్పులాంటి పొడి ఒకటి కలిపేవారు. ముద్ర పడ్డ పొగ ఎంత పలచబడినా, ఎంత దూరం పోయినా, పిలుపు ఉన్న చోటుకి కొంచెం కొంచెంగా మళ్లి వచ్చేది. దగ్గర ఊళ్లకి విమానాలు ఎగరకూడదని సర్కారు కట్టడి చేసిన కాలం అది. ముద్ర ఇంధనం పోసుకుని, తమ పొగ తామే పట్టుకునేవాళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు అందరికంటే ముందు పుచ్చుకున్నవాడు రాయవరపు సాకేత్, 'గోదావరి పులసలు' కబడ్డీ జట్టు యజమాని, ఛైర్మన్.

పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నం భోజనాలకి చేరిపోయే ఊళ్లకి కూడా పులసలు విమానంలోనే వెళ్లేవారు. వాళ్లని దింపి విమానం ఖాళీగా వెనక్కొచ్చేది. ఒళ్లు పట్టేవాళ్లని ఓసారి, ఛైర్మన్‌గారి స్నేహితుల్ని ఇంకోసారి మోసుకుపోయేది. పైకి లేచేటప్పుడే ఇంజను ఎక్కువ తాగుతుంది, ఎక్కువ కక్కుతుంది. ఆ విమానం చేసే పనల్లా లేవడం, దిగడం, మళ్లీ లేవడమే.

తెరని మొదట రన్‌వే పక్కనే నిలబెట్టారు. వారం తిరక్కుండా అది నల్లటి గోడయి కూర్చుంది. "వచ్చిన అతిథులకి ఎదురుగా ఈ దరిద్రం ఏంటి?" అని సాకేత్ దాన్ని లంకకి తరలించేశాడు. ఆ తర్వాత ఊరంతా బోర్డులు వెలిశాయి: 'పొగ లేని జట్టు'. పొగే లేనప్పుడు ఎగరడానికి మొహమాటం దేనికని ప్రయాణాలు ఇంకా పెంచారు.

లంకలో తాండ్ర చేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో పళ్ళాలమ్మ ఒకతె. మామిడిరసం చాప మీద పరిచి, ఎండాక మళ్లీ పరిచి, పొర మీద పొర వెయ్యడం వాళ్ల పని. పిలుపుని కూడా తెర మీద అలాగే పొరలుగా ఆరబెట్టాలి. నల్లబడ్డ పొర ఒలిచేసి కొత్తది పరవడానికి సాకేత్ కంపెనీ ఆమెని పెట్టుకుంది. మొగుడు పడవ ప్రమాదంలో పోయినప్పటినుంచి ఒక్కతే సంసారం ఈదుతున్న మనిషి. నెలజీతం అనగానే సంబరపడింది.

ఆమెకి ఒక్కడే కొడుకు, లోవరాజు. పులసల జూనియర్ జట్టులో రైడర్. పడ్డా దెబ్బ తగలదని కుర్రాళ్లు ఇసుకదిబ్బ మీదే సాధన చేసేవారు. లోవరాజు కూత పట్టాడంటే అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్లు చెయ్యాపి వినేవారు. అంత కూత పట్టాలంటే ముందు గుండెల నిండా గాలి పీల్చుకోవాలి. లోవరాజు ఆ గాలి తెర కింద నిలబడి పీల్చుకున్నాడు.

"ఈ ఊపిరితిత్తులు చూస్తే లారీ సైలెన్సర్ గుర్తొస్తోంది" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. ఆ పక్కనే నిలబడి ఉన్న నజీరా ఆ ఎక్స్‌రే ఫిలింని వెలుతురుకి ఎత్తి చూసింది. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయింది.

లోవరాజుని కాటికి తీసుకెళ్లేటప్పుడు ఛైర్మన్‌గారి తరఫున పూలచక్రం వచ్చింది. దానికి కట్టిన రిబ్బను మీద జట్టు పేరు, దాని కింద బోర్డుల మీది మాటే. పళ్ళాలమ్మ ఏడుపు ఆపింది. రిబ్బను విప్పి మడిచి బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత ఆమె ఏడవగా లంకలో ఎవరూ చూడలేదు.

*

నజీరా ప్రయోగశాల ఏటిగట్టు మీద ఉంది, ఒకప్పటి రొయ్యల గిడ్డంగిలో. వానలు వెనకబట్టాక ఒక రోజు పళ్ళాలమ్మ అక్కడికి వెళ్లింది. నజీరా గాజుపెట్టెలో ముద్ర ఇంధనం చుక్క వెలిగిస్తోంది. పొగ పెట్టెంతా తిరిగి తిరిగి, చివరికి మూల వేలాడదీసిన పూస చుట్టూ ముసురుకుంది. పూసకి పిలుపు పూసి ఉంది.

"దాన్ని చూత్తంటే తల్లిని ఎతుక్కునే పిల్లలా ఉందండి" అంది పళ్ళాలమ్మ.

నజీరా బర్నర్ ఆర్పేసింది. "తెర తీసెయ్యమని మళ్లీ అడిగానండీ. ఈసారి సాకేత్ కలవడానికే ఒప్పుకోలేదు. నేను అది పెట్టింది రన్‌వే కోసం. మనుషులుండే చోటికి కాదు."

"మీరేం చేత్తారండి, పోనివ్వండి. ఓ మాటడుగుతాను. ఆ జిగురు ఎవరన్నా తింటే ఏవవుద్దండి?"

"ఏమీ కాదు. గంజి, నాచు, అంతే. గొంతులోనూ ఊపిరి గొట్టాల్లోనూ పొరలా అంటుకుని ఉండిపోతుంది. ఎలుకకి పెట్టి చూశాం."

"ఎలకేవయింది?"

"పొగ వదలనంతకాలం హాయిగా తిరిగింది."

"వదిలాక?"

నజీరా ఆమె ముఖంలోకి చూసి, కుర్చీలో సరిగ్గా కూర్చుంది. "పళ్ళాలమ్మగారూ, ఆ ఆలోచన మానుకోండి."

"ఏ ఆలోచనండి? నేనేవన్నాను?"

"మీరు అనలేదు. కానీ నాకు వినబడింది."

"ఇనబడితే ఇనండి మరి. మా వోడికి ఆడు పంపిందే ఆడికి పంపుతానంటన్నాను. ఒక్క చుక్క ఎక్కువ పంపను. ఆడిదాంట్లో నేను కలిపేదేం లేదు. ఎగిరితే వత్తాది, ఎగరకపోతే రాదు. ఇంతకంటే నాయం ఎవరు చేత్తారండి?"

కిటికీ అవతల విమానం లేచింది. బల్ల మీది గాజుసీసాలు గలగల్లాడాయి. మోత తగ్గాక నజీరా దుపట్టా తల మీదికి లాక్కుని లేచింది. పిలుపు డబ్బా బల్ల మీదే మూత తీసి ఉంది.

"నేను నమాజుకి వెళ్తున్నాను. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యండి" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

*

ఎండలు ముదిరాయి. పళ్ళాలమ్మ కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు ఏరి తెచ్చింది. ఆ రకం మామిడికి పీచు తక్కువ, రసం చిక్కన. పెరట్లో రెండు చాపలు వేసింది. ఒక చాప మీద ఉత్త తాండ్ర, ఆటగాళ్లకి. రెండో చాప మీద పిలుపు కలిపిన తాండ్ర, ఒక్కడికే.

రసం పిండింది, వడగట్టింది, బెల్లం కలిపింది. రెండో గిన్నెలో పిలుపు వేసి గరిటెతో తిప్పింది. దానికి రంగూ వాసనా లేవు. తీపి తగ్గలేదని చూసుకుని మరీ పరిచింది. ఎండ పట్టాక మళ్లీ పరిచింది. పొర ఆరుతున్నప్పుడు అంచున కూర్చుని చీమలు పట్టకుండా విసురుతూ, చంటిపిల్లకి చెప్పినట్టు దానికి కబుర్లు చెప్పేది.

"ఆడి గొంతులో కూకో. ఊపిరి గొట్టం ఎతుక్కుని మరీ కూకో. ఎవరు పొమ్మన్నా పోకు. మా లోవరాజు నా కడుపులోంచి ఎట్టా కదల్లేదో, నువ్వూ అట్టాగే కదలమాక."

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఏంటే పళ్ళాలూ, తాండ్రతో మాటాడతన్నావు? మతేవన్నా పోయిందా?"

"పోలేదొదినా. ఇప్పుడే వత్తంది."

ప్రతి ఏడాదీ ఫైనల్ ఆటకి ముందు లంక ఆడవాళ్లు జట్టుకి గెలుపు తాండ్ర ఇవ్వడం ఆనవాయితీ. మొదటి ముక్క పెద్దమనిషి కొరకాలి. ఆ తర్వాత ఆటగాళ్లు తలోటీ తీసుకుంటారు. ఆ ఏడాది ఇచ్చే వంతు తనకిమ్మని పళ్ళాలమ్మ అడిగింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషని ఎవరూ కాదనలేదు.

రన్‌వే పక్కన షామియానా వేశారు. విమానం అప్పటికే తలుపు తెరుచుకుని సిద్ధంగా ఉంది. సాకేత్ తెల్లటి బట్టల్లో, కళ్లజోడు తల మీదికి తోసుకుని, కెమెరాలకి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమ్మా, బాగున్నావా? ఈ కప్పు మీవాడికే అంకితం. పేరేంటన్నావ్?"

"లోవరాజండి."

"ఆఁ, లోవరాజు. మంచి కుర్రాడు."

"తినండి బాబుగారండి. మా వోడికి తాండ్రంటే పేణం."

ఎర్ర కాగితంలో చుట్టినది అతని చేతిలో పెట్టింది. సాకేత్ పెద్ద ముక్క కొరికాడు. నమిలాడు. మింగాడు. గొంతుముడి పైకెళ్లి కిందికి దిగడం పళ్ళాలమ్మ కళ్లారా చూసింది. లోవరాజు పోయాక మొదటిసారి ఆమె ఒళ్లు తేలికపడింది.

"అద్భుతం! ఇదండీ మన గోదావరి రుచి!" అన్నాడు సాకేత్ కెమెరాల వైపు తిరిగి. తిరిగినవాడు ఊరుకోలేదు. మిగిలిన ముక్క విరిచి, పక్కనున్న రైడర్ ఏసుబాబు నోటి దగ్గర పెట్టాడు. "మా స్టార్! నోరు తెరవరా!"

ఏసుబాబు నవ్వుతూ నోరు తెరిచాడు. వాడు లోవరాజుతో కలిసి పెరిగినవాడు. సగం తిళ్లు పళ్ళాలమ్మ ఇంట్లోనే తిన్నవాడు.

ఆమె చెయ్యి విసురుగా లేచింది. ముక్క ఎగిరి మట్టిలో పడింది. కెమెరాలు ఆమె వైపు తిరిగాయి.

"ఎంగిలండి!" అంది పళ్ళాలమ్మ. "ఆటకెళ్లేవోడు ఎంగిలి తినకూడదండి. మా లంకలో మహా పట్టింపు. ఆటగాళ్లకి ఏరే తెచ్చానండి." రెండో పొట్లం విప్పి ఏసుబాబు చేతిలో తనే పెట్టింది.

"పల్లెటూరి పట్టింపులు!" అని సాకేత్ నవ్వేశాడు. అందరూ నవ్వారు. ఏసుబాబు మాత్రం నవ్వలేదు. మట్టిలో పడ్డ ముక్కని ఆమె కాలితో తొక్కిపెట్టడం వాడు చూశాడు.

ఆ మధ్యాహ్నం నజీరా ఇసుకదిబ్బ మీదికి వెళ్లి తెర తాళ్లు తనే విప్పింది. మడిచి, నూనె పోసి, అక్కడే తగలబెట్టింది. పొగని పిలిచే తెర ఇక లంకలో లేదు.

*

పులసలు ఫైనల్ గెలిచారు. మర్నాడు సాకేత్ తన మేడలో విలేకరుల్ని కూర్చోబెట్టాడు. వెనక గోడ నిండా 'పొగ లేని జట్టు' అని బంగారు రంగు అక్షరాలు.

"ఇంతదూరం ఎగిరినా, ఇన్నిసార్లు ఎగిరినా, ఆకాశంలో మా ఆనవాలు మచ్చుకైనా..." అంటుండగా ఏసీ గొట్టంలోంచి సన్నటి నల్లదారం ఒకటి దిగింది. ఎవరో విలేకరి తల పైకెత్తి చూశాడు. దారం గదంతా ఓసారి తిరిగి, ఎవరి జోలికీ పోకుండా, తిన్నగా వెళ్లి సాకేత్ ముక్కు దగ్గర ఆగింది. అతను ఊపిరి పీల్చాడు. పీల్చకుండా ఎంతసేపుంటాడు? దగ్గు మొదలైంది. నోటికి అడ్డం పెట్టుకున్న తెల్లటి రుమాలు నల్లబడింది. కెమెరాలు అదంతా తీశాయి.

అతను సముద్రం ఒడ్డున బంగళాకి మారాడు. అక్కడికీ వచ్చింది. కిటికీలకి రబ్బరు పట్టీలు వేయించాడు. మనిషి లోపలికి వెళ్లడానికి తలుపు తీసినంత సందు చాలు దానికి. చివరికి ముఖానికి గుడ్డ కట్టుకుని నజీరా దగ్గరికొచ్చాడు.

"ఇది నీ పనే. తీసెయ్."

"తీసేది కాదు. పొర దానంతట అది రాలాలి. కొత్త పొగ తగలకుండా ఉంటే త్వరగానే రాలిపోతుంది. విమానం ఆపండి."

"నేను విమానం ఆపితే నా జట్టు విలువేంటో తెలుసా? ఈ తెరలు దేశంలో అన్ని జట్లకీ అమ్ముతున్నాను. నిన్ను కోర్టుకి ఈడుస్తాను!"

"ఈడవండి. ఏమని రాయిస్తారు? మీ విమానానికి పొగ ఉందనా?"

సాకేత్ నోరు తెరిచాడు. మాట రాలేదు, దగ్గొచ్చింది.

నజీరా ఇదంతా చెబుతుంటే పళ్ళాలమ్మ కడుపుబ్బా నవ్వింది. "ఇంకోసారి చెప్పండి! నోరెట్టా తెరిచాడూ?" నవ్వుతూ నవ్వుతూ పొలమారింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసి చూస్తే కొంగు మీద నల్లటి మరక.

ఇద్దరూ ఆ మరక వంకే చూశారు.

"ఎప్పుడు తిన్నారు?" అంది నజీరా.

"తినలేదండి. ఎందుకు తింటాను? దాన్ని ముట్టుకున్నాక చెయ్యి ఇసకెట్టి తోముకునేదాన్ని..." పళ్ళాలమ్మ చటుక్కున ఆగింది. తన కుడిచేతి చూపుడువేలు చూసుకుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన పని, ఏ పొరా దాన్ని తప్పించుకుని చాప ఎక్కలేదు. "తీపి చూశానండి" అంది.

నజీరా ఏడ్చేసింది. పళ్ళాలమ్మ ఏడవలేదు. ఎదురుగా కూర్చున్న చదువుకున్న పిల్ల భుజం తట్టి, "మీరూరుకోండి. తాండ్ర చేసేదాన్ని తీపి చూడకుండా ఎట్టా ఉంటాను?" అంది.

*

లంకలో దగ్గు దాగదు. కబురు అవతలి ఒడ్డుకి చేరింది. సాకేత్ తిరిగి తన మేడకే వచ్చేశాడు. లంకలోంచి చూస్తే ఏటికి అవతల ఆ తెల్లటి మేడ కనబడుతుంది. మర్నాడు ఏసుబాబు పడవ దిగాడు. పళ్ళాలమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు గానీ, తల ఎత్తలేదు.

"అత్తా, ఆ రోజు నా నోటికాడది ఎందుకు కొట్టావో ఇప్పుడు తెలిసింది."

"తెలిత్తే తెలిసింది. అన్నం తిన్నావా?"

"ఆయనకీ తెలిసిపోయింది, నీక్కూడా ఆ పొగ పడుతుందని. రోజూ ఎగరేత్తానంటన్నాడు. ఆట లేకపోయినా ఎగరేత్తాడంట. తనకి డాక్టర్లున్నారు, ఆక్సిజను సిలిండర్లున్నాయి, లంకలో ముసల్దానికి ఏవున్నాయీ అన్నాడు." వాడు ఆమె వైపు జరిగాడు. "నువ్వొచ్చి కెమెరాల ముందు కాళ్లట్టుకుని, తాండ్రలో ఇసం కలిపానని ఒప్పుకుంటే మటుకు ఆపేత్తాడంట. ఒప్పుకో అత్తా. లోవరాజెట్టాగూ రాడు."

"ఏసూ, మా వోడు రైడుకెళ్లేవోడు గదా. అవతలోళ్లని ముట్టుకున్నాక, మధ్యలో కూత ఆపి, తప్పైపోయింది బాబూ అని ఎప్పుడన్నా కూకున్నాడా?"

ఏసుబాబు అరుగు దిగి నిలబడ్డాడు.

"ఎల్లి చెప్పు. ఆడు ముట్టుకుంది నన్ను కాదు, నేనే ఆడిని ముట్టుకున్నాను. ఇప్పుడు గీత దాటి ఇటొచ్చెయ్యాలి, అంతే. ఎవరి కూత ముందు తెగుద్దో చూద్దాం."

"అత్తా, నీ గుండె..."

"గుండె సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మీ వోళ్లకో మాట చెప్పు. విమానం ఎక్కేది మీరు. మీరెక్కితేనే గదా అది పొగేసేది!"

విమానం ఎగిరింది. మర్నాడు ఎగిరింది. ఆపైన ఆట ఉన్నా లేకున్నా ఎగురుతూనే ఉంది. పళ్ళాలమ్మ చెంపలు లోపలికి పోయాయి. గట్టు ఎక్కితే ఆయాసం. నజీరా మందులు తెచ్చేది, మూతికి కట్టుకునే గుడ్డలు తెచ్చేది. మేడలోకి ఆక్సిజను సిలిండర్లు వెళ్లడం లంకవాళ్లంతా చూశారు. మొదట ఆటోలో, తర్వాత వ్యానులో.

అలా వానాకాలం దగ్గరపడింది. కొత్త సీజన్‌లో మొదటి ఆటకి పులసలు బయల్దేరే రోజు వచ్చింది. పొద్దుటి విమానం ఛైర్మన్‌గారి స్నేహితుల్ని మోసుకెళ్లింది. ఆటగాళ్ల కోసం వెనక్కొచ్చి దిగింది. లంక మీద మసక పట్టడం మొదలైంది.

పళ్ళాలమ్మ ఇసుకదిబ్బ మీదికి నడిచింది. తెర కాలిన చోట ఇసుక ఇంకా నల్లగానే ఉంది. కాలి బొటనవేలితో గీత గీసింది. చిన్నప్పుడు ఇదే ఇసుకలో మగపిల్లలతో సమానంగా ఆడిన ఆట. చీరకుచ్చెళ్లు ఎగదోపి, తలెత్తి చూసింది. ఆకాశంలో పొగ తాడులా పేనుకుని దిగుతోంది. ఏటి మధ్యకి వచ్చేసరికి గోదావరి పాయలు చీలినట్టు చీలింది. ఒక పాయ మేడ వైపు, ఒక పాయ తన వైపు.

అది ముఖానికి తగిలేలోపు ఆమె గుండెల నిండా గాలి తీసుకుంది.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

గీత దాటి అడుగేసింది. పొగ ముఖాన్ని కమ్మింది. కూత నడుస్తున్నంతసేపూ ఊపిరి బయటికే పోతుంది, లోపలికి రాదు. పొగకి సందు దొరకలేదు. కళ్లు మండాయి. పొగలోంచి మేడ మసగ్గా కనబడుతోంది. కిటికీలు ఒక్కొక్కటీ మూసుకుంటున్నాయి. మూసుకున్న కిటికీల మీద నల్లటి పాయ చేతులు వేసి తడుముతోంది.

"చెడుగుడు చెడుగుడు..."

గొంతు ఎండింది. చెవుల్లో హోరు. ఇంకో అడుగు. లోవరాజు ఇక్కడే పడి లేచేవాడు. ఇక్కడే నవ్వేవాడు. కూత సన్నబడింది, తెగలేదు.

మేడ పైఅంతస్తు తలుపు ధడాలున తెరుచుకుంది. తెల్లబట్టల మనిషి ఒకడు బాల్కనీలోకి వచ్చి, రెయిలింగు పట్టుకుని వంగిపోయాడు. ముఖానికున్న మాస్కు పీకి అవతల పారేశాడు. దగ్గు ఏటి మీదుగా లంకకి వినబడింది. రెండు చేతులూ పైకెత్తి రన్‌వే వైపు పిచ్చివాడిలా ఊపాడు. ఆపండి, ఆపండి అని.

ఆపనక్కర్లేకపోయింది. రన్‌వే మీద విమానం తలుపు తెరుచుకునే ఉంది, దాని మెట్ల మీద ఎవరూ లేరు. పులసల నీలం జెర్సీల వరస ఒకటి, సంచులు భుజాన వేసుకుని, ఏటిగట్టు వెంబడి రైలు స్టేషను వైపు నడుస్తోంది. అందరికంటే ముందున్నవాడు ఆగి, లంక వైపు చెయ్యెత్తాడు.

పళ్ళాలమ్మ ఊపిరి తీసుకోలేదు. గీత ఇంకా వెనకే ఉంది. ముఖం మేడ వైపే ఉంచి, కూత తెగకుండా, వెనక్కి ఒక్కొక్క అడుగే వేసింది. మడమకి గీత తగిలింది. దాటింది.

అప్పుడు ఆపింది. ఏటి మీద గాలి మళ్లి, ముఖం చుట్టూ ముసిరిన పొగ చెదిరేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత గుండెల నిండా పీల్చుకుంది.